సైంటిస్టు సారుకు మన పిల్లల ప్రశ్నలు

నేను 1996 నుంచి 2001 వరకు, అంటే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా, ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాణ్ణి. ప్రస్తుతం ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతున్నాను. వీలైన ఆదివారాల్లో హాస్టల్‌కు వచ్చి పిల్లలకు సైన్సు, లెక్కలు చెప్పడం అలవాటు. ఆ రోజుల పెట్టెలు, దుప్పట్లు, నీళ్ల పప్పు గురించి రాసేవాళ్లు ఈ సంచికలో చాలామంది ఉంటారు. నేను మాత్రం కొన్నేళ్లుగా మన హాస్టల్లో జరుగుతున్న ఒక చిన్న పని గురించి రాస్తాను. వీడియో కాల్‌లో శాస్త్రవేత్తలను పిలిచి, మన పిల్లల చేత వాళ్లను ప్రశ్నలు అడిగించడమే ఆ పని.

మా కాలంలో శాస్త్రవేత్త అంటే పుస్తకంలో ఫొటో. సి.వి. రామన్ తలపాగా, ఐన్‌స్టీన్ జుట్టు, న్యూటన్ మీద పడ్డ ఆపిల్ కాయ. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు జనరల్ నాలెడ్జి పుస్తకంలో బట్టీ పట్టాం. అంతేగాని ఆయన కూడా చిన్నప్పుడు ఒక ఊళ్లో ఆడుకున్న తెలుగు పిల్లవాడే అన్న ఊహ మాకు రాలేదు. పోలీసును చూశాం, డాక్టరును చూశాం, గ్రామసేవకుణ్ణి చూశాం. సైంటిస్టును మాత్రం పదో తరగతి అయ్యేదాకా మాలో ఒక్కరు కూడా కళ్లారా చూడలేదు. చూడని పనిని చెయ్యాలని ఏ పిల్లవాడు కోరుకుంటాడు?

దీని మీద విదేశాల్లో ఒక పరిశోధన జరిగింది. డేవిడ్ చాంబర్స్ అనే ఆయన పిల్లలకు తెల్ల కాగితం ఇచ్చి సైంటిస్టు బొమ్మ గీయించి, ఆ ఫలితాలను 1983లో ప్రకటించారు. మొత్తం 4,807 మంది పిల్లలు గీస్తే, అందులో ఆడవాళ్ల బొమ్మలు 28 మాత్రమే. ఆ 28 కూడా ఆడపిల్లలు గీసినవే. మగపిల్లల్లో ఒక్కడికి కూడా సైంటిస్టు ఆడమనిషి కావచ్చని తోచలేదు.

ఇది చదివాక 2019 జనవరిలో మన హాస్టల్లోనూ, పక్క వీధిలోని బాలికల హాస్టల్లోనూ అదే పని చేయించాను. నేను ఊహించినట్టే గడ్డం, కళ్లద్దాలు, తెల్లకోటు, పొగ వచ్చే గాజు సీసా. కొందరు రాకెట్ వేశారు. ముగ్గురు ఆడపిల్లలు మాత్రం ఆడమనిషిని వేశారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు కాగితం ఖాళీగా ఇచ్చాడు. ఎందుకు గీయలేదురా అంటే, "నేను చూడలే సార్, ఎట్ల గీయాలె?" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? మరి చూపించాల్సింది ఎవరు?

శాస్త్రవేత్తల మాటను పల్లెలకు తెర మీద చేర్చాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ప్రయోగంలో ముందు నిలిచిన ప్రొఫెసర్ యశ్ పాల్ గారే తర్వాత దూరదర్శన్‌లో పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పి పేరు పొందారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి విద్య కోసమే ప్రత్యేకంగా ఎడ్యుశాట్‌ను పంపారు. మన రాష్ట్రంలో 'మన టీవీ' పాఠాలు వచ్చాయి. ఇవన్నీ మంచి పనులే. కానీ ఎక్కువ భాగం తెర మాట్లాడేది, పిల్లలు వినేవాళ్లు. 2020లో కరోనా వల్ల బడులు, హాస్టళ్లు మూసేసినప్పుడు కూడా దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. అర్థం కాకపోతే ఆపి అడగడానికి లేదు.

2017లో అమెరికాలో సారా మెక్‌అనల్టీ అనే ఆవిడ, పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లోనే, 'స్కైప్ ఎ సైంటిస్ట్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆవిడ పరిశోధన స్క్విడ్ అనే సముద్ర జీవి మీద. తరగతికి ఏ విషయం కావాలో టీచరు చెబితే ఆ విషయం తెలిసిన శాస్త్రవేత్తను వెతికి కలుపుతారు. బడి దగ్గర రుసుము తీసుకోరు. స్కైప్ సేవను మైక్రోసాఫ్ట్ 2025 మే నెలలో ఆపేసింది. యాప్ పోయినా పద్ధతి పోలేదు, అదే పనికి ఇప్పుడు వేరే యాప్‌లు ఎన్నో ఉన్నాయి. అదే 2017లో మన దేశంలో సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలలను పిల్లలతో కలిపే 'జిజ్ఞాస' కార్యక్రమం మొదలైంది. అది ముందుగా కేంద్రీయ విద్యాలయాలతో మొదలైంది. మన హాస్టల్ దాకా ఎప్పుడొస్తుందని ఎదురుచూడకుండా మనమే ఒకరిని పిలుద్దామని వార్డెన్ సారు, నేను అనుకున్నాం.

మొదటి కాల్ 2019 ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవం రోజు. రామన్ ఎఫెక్టును ప్రకటించింది 1928లో ఆ తేదీనే. హైదరాబాద్‌లో భూగర్భ జలాల మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త, నా బి.ఇడి. మిత్రుడికి బంధువు, ఒప్పుకున్నారు. బడి ప్రొజెక్టరు తెచ్చాం, నా ఫోను నుంచి నెట్ కలిపాం, తెల్ల దుప్పటి తెరగా కట్టాం. ఆయన ఎంతో శ్రద్ధగా స్లైడ్లు తయారు చేసుకుని వచ్చారు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇరవై నిమిషాలు చెప్పారు. పిల్లలు చేతులు కట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. "ఎనీ క్వశ్చన్స్?" అన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. వార్డెన్ సారు, నేను మొహాలు చూసుకున్నాం.

అప్పుడు వెనక గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న మన వంటమ్మ ముందుకొచ్చి అడిగింది: "సార్, గీ బోరు నీళ్లల్ల పప్పెందుకు ఉడకది? గంటలు గంటలు కట్టెలు కాలుతున్నయి."

పిల్లలంతా గొల్లున నవ్వారు. తెర మీద ఆ సారు నవ్వలేదు. స్లైడ్లు తీసేసి, కుర్చీ ముందుకు జరుపుకుని, తెలుగులోకి దిగారు. "చాలా మంచి ప్రశ్న అమ్మా" అని మొదలుపెట్టి, బోరు నీళ్లల్లో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటాయని, పప్పు గింజలో కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థంతో ఆ కాల్షియం కలిసి గట్టిపడుతుందని, అందుకే గింజ మెత్తబడదని చెప్పారు. చిటికెడు వంటసోడా వేస్తే ఎందుకు ఉడుకుతుందో కూడా చెప్పారు. నేను పదేళ్లుగా 'నీటి కఠినత్వం' పాఠం చెబుతున్నాను. సబ్బు నురగ రాదని చెబుతాను, అది పుస్తకంలో ఉంది. పప్పు సంగతి మా పుస్తకంలో లేదు. వంటమ్మ పొయ్యి దగ్గర ఉంది.

ఆ తర్వాత చేతులు లేచాయి. బొమ్మ గీయకుండా ఖాళీ కాగితం ఇచ్చిన పిల్లవాడే లేచి నిలబడ్డాడు. వాళ్ల ఊరు మన జిల్లాలో ఫ్లోరైడ్ ఊళ్లలో ఒకటి.

"సార్, మా తాత నడుము వంగిపోయింది. చేతులు మీదికి లేవవు. బోరు నీళ్లు తాగితేనే గట్లయిందంటరు. నీళ్లలకు గా ఫ్లోరైడ్ ఎక్కడికెళ్లి వచ్చింది?"

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆ సారు నెమ్మదిగా చెప్పారు. మన జిల్లా కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటే అది కొద్దికొద్దిగా కరిగి నీళ్లలోకి వస్తుంది. లీటరు నీళ్లలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. అది రంగుకు, రుచికి తెలియదు. నీళ్లు కాచినా పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఈ చివరి మాట విని మన కామాటి అన్న "కాస్తే పోతదనుకుంటిమి గదా" అన్నాడు.

పిల్లవాడు ఇంకా కూర్చోలేదు. "మా తాతకు నయమైతదా సార్?"

ఆ సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పిన మాట నాకు గుర్తుంది. "లేదు నాన్నా. వంగిన ఎముకను తిరిగి మామూలుగా చేసే మందు ఇప్పటికి లేదు. కానీ మీ చెల్లెలికి రాకుండా ఆపడం మన చేతిలో ఉంది." నదీ జలాలనే తాగడానికి, వంటకు వాడాలని, బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా తాగకూడదని చెప్పారు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి కనిపెట్టారని, దాని పేరే 'నల్గొండ టెక్నిక్' అని, ఇతర దేశాల సైన్సు పుస్తకాల్లో కూడా అదే పేరుతో ఉంటుందని చెప్పారు. మన జిల్లా పేరు జబ్బుకే కాదు, దానికి వెతికిన ఉపాయానికి కూడా ఉందని ఆ రోజు పిల్లలకు తెలిసింది. బడిలో నాకూ అది ఒక బిట్ ప్రశ్నగానే తెలుసు.

ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు సీసాల్లో తమ ఊరి నీళ్లు తెచ్చారు. ఎవరూ చెప్పకుండానే సీసా మీద ఊరి పేరు, బోరు ఎవరి చేను దగ్గరిదో రాసి తెచ్చారు. వాటిని నీటి పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లాం. వచ్చిన అంకెలను పిల్లలే చార్టు మీద రాసి భోజనాల గదిలో అంటించారు. ఏ బోరు నీళ్లు పశువులకు, ఏవి బట్టలకు, ఏవి తాగడానికి అన్నది తమ ఇళ్లకు ఉత్తరాలు రాశారు. సైంటిస్టు చేసే పని అదే కదా! తెల్లకోటు ఒక్కటే తక్కువ.

ఇప్పటికి పదకొండు సార్లు ఇలా పిలిచాం. చేయగా చేయగా కొన్ని సంగతులు తెలిశాయి. వేరే హాస్టళ్ల వాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

వారం ముందే పిల్లల చేత చీటీల మీద ప్రశ్నలు రాయించాలి. పేరు రాయనక్కర లేదు. ఆ ప్రశ్నలను ముందుగానే శాస్త్రవేత్తకు పంపితే ఆయన ఉపన్యాసం మానుకుని జవాబులతో వస్తారు. అయిదు నిమిషాలు పరిచయం, మిగతా ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు ప్రశ్నలు. అంతకు మించితే వెనక వరస నిద్రపోతుంది. తెలుగు వచ్చినవాళ్లయితే తెలుగులోనే. రానివాళ్లయితే టీచరు పక్కన నిలబడి మాట మాటకూ తిరిగి చెప్పాలి. ప్రశ్న అడిగే పిల్లలు ఒక్కొక్కరుగా ఫోను ముందుకు వచ్చి మాట్లాడాలి, లేకపోతే అవతల వాళ్లకు గోల తప్ప ఏమీ వినబడదు. ముందు రోజు అదే సమయానికి, అదే గదిలో ఒకసారి కలిపి చూసుకోవాలి. కాల్ జరిగేటప్పుడు వార్డెన్ గాని టీచరు గాని గదిలో ఉండాలి, పిల్లల ఫోను నంబర్లు, చిరునామాలు బయటివాళ్లకు ఇవ్వకూడదు. దండలు, శాలువాలు, పెద్దల ప్రసంగాలు ఆ రోజు వద్దు. అన్నిటికన్నా ముఖ్యమైనది, పిల్లవాడి ప్రశ్నను టీచరు సరిదిద్దకూడదు. "మీ జీతం ఎంత?", "మీరు ఎప్పుడన్న ఫెయిల్ అయిండ్రా?", "దయ్యాలున్నయా?" అన్నవి కూడా ప్రశ్నలే. ఒక శాస్త్రవేత్త ఒక ప్రశ్నకు "నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను" అన్నారు. తెలియదని చెప్పినా పెద్దమనిషి చిన్నబోడని పిల్లలు మొదటిసారి చూశారు.

2023 డిసెంబరులో పిలిచింది బాలికల హాస్టల్లో చదివిన మన ఆడపడుచునే. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేస్తోంది. మనకు ఉదయం ఏడు గంటలు, చలికాలం కాబట్టి ఆమెకు అంతకు ముందు రాత్రి ఎనిమిదిన్నర. రెండు హాస్టళ్ల పిల్లలూ స్నానాలు చేసి, తలలు దువ్వుకుని ఆరున్నరకే కూర్చున్నారు. ఆమె తన రేకు పెట్టె సంగతి, తాళం చెవి మెడలో కట్టుకుని పడుకున్న సంగతి చెప్పగానే ఆడపిల్లలు "అక్కా, మేం గూడ అంతే" అని అరిచారు.

తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "అక్కా, ఇంగ్లీషు రాకుంటె సైంటిస్టు కావొచ్చా?"

ఆమె తేలికగా జవాబు చెప్పలేదు. "ఇంగ్లీషు నేర్చుకోక తప్పదు చెల్లె. పుస్తకాలన్నీ అందులోనే ఉన్నయి. కానీ ముందు ఇంగ్లీషు, తర్వాత సైన్సు అని ఆగొద్దు. నేను డిగ్రీలో కూడా తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేదాన్ని. ఇప్పటికీ లెక్క పెట్టేటప్పుడు తెలుగులోనే పెడత" అంది. డబ్బు సంగతి కూడా పిల్లలు అడిగారు. పిహెచ్.డి. అంటే ఇంట్లో వాళ్లు డబ్బు కట్టి చదివించేది కాదని, జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్ ఇస్తున్నారని, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ప్రత్యేకంగా జాతీయ ఫెలోషిప్ ఉందని ఆమె చెబితే, వెనక కూర్చున్న ఇద్దరు తల్లిదండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చదువు అంటే అప్పు అని మాత్రమే తెలిసిన ఇళ్లు మనవి. ఆ ఒక్క మాట ఆ ఇళ్లకు చేరడం కోసమైనా ఈ కాల్ పెట్టాలి.

ఈ పని మీద ఆక్షేపణ లేకపోలేదు. మన సీనియర్ అన్న ఒకరు నిష్ఠూరంగానే అన్నారు: "హాస్టల్లో నల్లాలకు నీళ్లు సక్కగ రావు, బడిల ప్రయోగశాల గదికి తాళం తియ్యరు. తెర మీద సైంటిస్టును చూస్తే కడుపు నిండుతదా?" ఆయన మాట నిజం. వీడియో కాల్ ప్రయోగశాలకు బదులు కాదు, మంచి టీచరుకు బదులు కాదు, మెస్ చార్జీలకు అసలే బదులు కాదు. వాటి కోసం అడగాల్సింది అడగాల్సిందే. కానీ ఒకటి గమనించాను. శాస్త్రవేత్తను ప్రశ్న అడిగిన పిల్లవాడికి వేరేవాళ్లను అడగడానికి కూడా నోరు వస్తుంది. ప్రయోగశాల గది తాళం ఎందుకు తియ్యరని ఆ తర్వాతి వారం నన్ను అడిగింది పిల్లలే. అడిగారు కాబట్టి బడిలో మాట్లాడాం, ఇప్పుడు శనివారాలు ఆ గది తెరుస్తున్నారు.

పోయిన ఏడాది మళ్లీ బొమ్మలు గీయించాను. అంతా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. గడ్డాలు, గాజు సీసాలు ఇంకా చాలానే ఉన్నాయి. అమెరికాలో అయిదు దశాబ్దాల బొమ్మలను పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో కూడా, 1985 తర్వాతి బొమ్మల్లో ఆడవాళ్లు సగటున 28 శాతమే. మనసులో పడ్డ బొమ్మ అంత తొందరగా చెరగదు. అయినా ఈసారి ఆకులు పట్టుకున్న అమ్మాయిలు కనిపించారు. బోరు పంపు పక్కన సీసా పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు. ఖాళీ కాగితం మాత్రం ఒక్కటీ రాలేదు.

2025 జులైలో శుభాంశు శుక్లా గారు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి మన దేశ విద్యార్థులతో మాట్లాడారు. అంత ఎత్తు నుంచి పిల్లలతో మాట్లాడగలిగినప్పుడు, హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, ఇంకో దేశం నుంచి మన హాస్టల్‌కు మాట్లాడడం ఎంత పని?

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు నా విన్నపం. మీరు పెద్ద శాస్త్రవేత్తలే కానక్కర లేదు. ల్యాబ్ టెక్నీషియన్ అయినా, వ్యవసాయాధికారి అయినా, నర్సు అయినా, మందుల కంపెనీలో కెమిస్టు అయినా, ఎమ్మెస్సీ చదువుతున్నా సరే. ఏడాదికి ఒక గంట ఇవ్వండి. చందా ఇస్తే సంతోషమే, కానీ మీ మొహం, మీ మాట పిల్లలకు చందా కంటే ఎక్కువ. మీ చుట్టూ పరిశోధన చేసే మిత్రులుంటే వాళ్లను కూడా కలపండి. మన పిల్లల తరఫున అడగడానికి మొహమాటపడకండి, ఇప్పటిదాకా మేం అడిగినవాళ్లలో చాలామంది ఒప్పుకున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక మాట. వార్డెన్ సారు గదిలో, హాజరు పట్టీ పక్కన, అట్ట వేసిన రెండు వందల పేజీల నోటు పుస్తకం ఉంది. అది ప్రశ్నల పుస్తకం. రాత్రి చదువు గంట అయ్యాక ఎవరైనా వెళ్లి రాయొచ్చు. ఇప్పటికి నలభై పేజీలు నిండాయి. వచ్చే కాల్ పప్పు ధాన్యాల మీద పరిశోధన చేసే ఒక శాస్త్రవేత్తతో, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి ఆదివారం. కంది చేను ఉన్నవాళ్లు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలను కూడా అడిగి, వాళ్ల ప్రశ్నలు రాసుకుని రండి.

– ఒక పూర్వ విద్యార్థి, 2001 పదో తరగతి బ్యాచ్